మన లైనుకి మూడో పట్టా పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మెట్రో రైళ్ళ గురించి వేసిన వ్యాసం చదివాను. రైలుకి కరెంటు పై తీగ నుంచే కాదు, పట్టాల పక్కన పరిచే మూడో పట్టా నుంచి కూడా అందుతుందని వివరించడం బాగుంది. తెలుగు పేపర్లలో ఇలాంటివి రాసేవాళ్ళే తక్కువ కాబట్టి రాసినవారికి ముందుగా అభినందనలు. కాని చివర్లో ఒక సలహా ఇచ్చారు చూడండి, తుఫాను వచ్చినప్పుడల్లా తీగలు తెగి బళ్ళు ఆగిపోయే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పైనున్న తీగలన్నీ పీకేసి మెట్రోలో మాదిరి మూడో పట్టా వేస్తే సరిపోతుంది కదా అని, అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. రైల్వేలో ఓహెచ్‌ఈ పని, అంటే పట్టాల మీది కరెంటు తీగల పని, చేసి రిటైరైనవాణ్ణి. ఆ తీగల కింద టవర్ వ్యాగన్ మీద, అంటే తీగలు అందేలా పైన ఎత్తు బల్ల ఉండే రైలు బండి మీద, నిలబడి ఎన్నో రాత్రులు గడిపాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయండి.

మీ వ్యాసం వల్ల మా ఊళ్ళో ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఒకరు చదివి పదిమందికి చెప్పేసరికి అది ఎలా తిరిగిందంటే, పొలం పనికి పట్టాలు దాటి వెళ్ళే ఒక పెద్దాయన నన్నాపి, "ఏటి బాబూ, మన పట్టాల్లో కూడా కరెంటు పెట్టేత్తారంట గదా, రేపట్నించి పొలానికి ఎలాగెల్తాం?" అని అడిగాడు. భయం అక్కర్లేదని చెప్పాను. మన లైన్లో కరెంటు ఇచ్చేది పై తీగే. రైలు వాడుకున్న కరెంటు చక్రాల ద్వారా పట్టాల్లోకి దిగి సబ్ స్టేషన్‌కి తిరిగి వెళ్ళే మాట నిజమే, అయితే ఆ పట్టాలు భూమితో కలిసి ఉంటాయి, అక్కడుండే వోల్టేజి దాటేవాళ్ళకి షాక్ కొట్టేటంత కాదు. విరిగిన పట్టాని బాండు వేయకుండా, అంటే రెండు ముక్కల్నీ తీగతో కలపకుండా, ముట్టుకోకూడదని మా డిపార్టుమెంటులో నెత్తిన కొట్టి చెప్పేవారు గాని, అది పనివాళ్ళకి సంబంధించిన జాగ్రత్త. అయినా మామూలు జనం గేటు లేని చోట పట్టాలు దాటకూడదు. దానికి కారణం రైలు, కరెంటు కాదు.

ఇక మూడో పట్టా సంగతి. రైలు నడిచే రెండు పట్టాలకి పక్కగా, కొంచెం ఎత్తులో, ఇన్సులేటర్ల మీద ఇంకో పట్టా నిలబెడతారు. అందులో మామూలుగా 750 వోల్టుల డీసీ కరెంటు, అంటే ఒకే దిక్కుగా పారే కరెంటు, ఉంటుంది. బోగీ కింద పక్కకి పొడుచుకొచ్చిన లోహపు ముక్క ఒకటి, దాన్ని షూ అంటారు, ఆ పట్టాని ఒరుసుకుంటూ పోతుంది. కొన్ని దేశాల్లో షూ పట్టా మీద నుంచి నొక్కుతుంది, ఇంగ్లండు దక్షిణ భాగంలో అలాగే. మన బెంగళూరు మెట్రోలో కింది నుంచి నొక్కుతుంది, అందువల్ల పట్టా పైభాగమంతా మూత పెట్టి కప్పడానికి వీలవుతుంది, చెయ్యో కాలో పొరపాటున తగిలే అవకాశం తగ్గుతుంది. స్టేషన్లలో ఈ పట్టాని ప్లాట్‌ఫారానికి అవతలి వైపు వేస్తారు. ఎవరైనా కింద పడితే ప్లాట్‌ఫారం మీదే కరెంటు ఆపేసే స్విచ్ ఉంటుంది.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1879లో బెర్లిన్‌లో జరిగిన ప్రదర్శనలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ తిప్పిన బుల్లి రైలుకి కరెంటు అందింది రెండు పట్టాల మధ్య వేసిన మూడో పట్టా నుంచే, 150 వోల్టులు. రెండేళ్ళకి, 1881లో, బెర్లిన్ శివారు లిష్టర్‌ఫెల్డెలో ట్రాము నడిపినప్పుడు మూడోది కూడా ఎందుకని రైలు పట్టాల్లోనే కరెంటు పెట్టేశారు. దాటే మనుషులకీ గుర్రాలకీ షాకులు కొట్టడం మొదలైంది, తర్వాత పై తీగలకి మారారు. జనం, జంతువులు దాటే చోట కరెంటుని నేల మీద పెట్టకూడదన్న సంగతి నూట నలభై ఏళ్ళ కిందటే తేలిపోయిందన్నమాట. మన ఆవులూ గేదెలూ బెర్లిన్ గుర్రాల కన్నా బుద్ధిమంతులని అనుకుంటే తప్ప ఈ సలహా ఇవ్వలేం.

మన దేశంలో మూడో పట్టా మొదట వచ్చింది కలకత్తా మెట్రోలో, 1984 అక్టోబరు 24న. ఖరగ్‌పూర్‌లో తరాల నుంచి ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళకి వెళ్ళొచ్చేవాళ్ళు చాలామంది ఆ మెట్రో ఎక్కే ఉంటారు. తర్వాత 2011లో బెంగళూరు, 2017లో కొచ్చి, ఆపైన అహ్మదాబాద్, అన్నీ 750 వోల్టుల మూడో పట్టాతోనే. మెట్రో రైళ్ళన్నీ ఇలాగే నడుస్తాయని మీ వ్యాసంలో రాశారు, అది సరి కాదు. హైదరాబాద్ మెట్రోకి మూడో పట్టా లేదు, తలెత్తి చూస్తే తీగ కనపడుతుంది. ఢిల్లీ, చెన్నై మెట్రోలు కూడా 25,000 వోల్టుల పై తీగ మీదే నడుస్తాయి. కలకత్తా మెట్రో 2024లో హుగ్లీ నది అడుగు నుంచి కూడా వెళ్ళింది, అక్కడా మూడో పట్టాయే. సొరంగంలో అదే నయం. ఎందుకంటే పై తీగ వేయాలంటే సొరంగం ఎత్తు పెంచి తవ్వాలి, తవ్వే ప్రతి మీటరుకీ డబ్బే. పైగా అక్కడ రైళ్ళు తేలిక, మూడో ఆరో ఎనిమిదో బోగీలు, దూరాలు తక్కువ, లోపలికి ఎవడూ నడిచి రాడు.

మన మెయిన్ లైనుకి అసలు చిక్కు వోల్టేజి దగ్గర వస్తుంది. రైలు ఇంజనుకి కావలసింది శక్తి. వోల్టేజిని కరెంటుతో హెచ్చవేస్తే వచ్చేదే అది. వోల్టేజి తక్కువైతే అదే శక్తి కోసం కరెంటు ఎక్కువ పారాలి. ప్రెషర్ లేని నీళ్ళతో ఎకరం తడవాలంటే లావు పైపు వేసుకోవాల్సిందే కదా, ఇక్కడా అంతే. లెక్క చూడండి. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ రైళ్ళు లాగే ఇంజన్లు ఆరువేల హార్స్‌పవర్ పైమాటే, అంటే సుమారు 4,500 కిలోవాట్లు. 25,000 వోల్టుల తీగ నుంచి అంత శక్తి తీసుకోవడానికి 180 ఆంపియర్లు చాలు. అదే శక్తిని 750 వోల్టుల దగ్గర తీసుకోవాలంటే 6,000 ఆంపియర్లు కావాలి. 12,000 హార్స్‌పవర్ గూడ్స్ ఇంజన్‌కైతే 12,000 ఆంపియర్లు. దారిలో వేడి కింద వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కరెంటు 33 రెట్లు పెరిగితే అదే మందం ఉన్న వాహకంలో నష్టం వెయ్యి రెట్లు దాటిపోతుంది. అందుకే మూడో పట్టా అంత లావుగా ఉంటుంది, అంత లావున్నా రెండు మూడు కిలోమీటర్లు పోయేసరికి వోల్టేజి పడిపోతుంది. ఆ పట్టాని ఉక్కు బదులు అల్యూమినియంతో చేసి, షూ ఒరుసుకునే చోట మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు వేస్తున్నారు ఈ మధ్య, నష్టం తగ్గించడానికి. కలకత్తాలో పాత ఉక్కు పట్టాలని అలాగే మారుస్తున్నారు.

వోల్టేజి పడిపోతే ఏం చెయ్యాలి? ఇంకో సబ్ స్టేషన్ కట్టాలి. మన దగ్గర 25,000 వోల్టుల లైనుకి నలభై, యాభై కిలోమీటర్లకి ఒక ట్రాక్షన్ సబ్ స్టేషన్ ఉంటే నడిచిపోతుంది. విజయనగరం నుంచి పలాస దాకా 140 కిలోమీటర్ల చిల్లర అనుకుందాం, మూడో నాలుగో సబ్ స్టేషన్లు. మూడో పట్టా వేస్తే మూడు కిలోమీటర్లకొకటి చొప్పున నలభై పైనే కట్టాలి, ఒక్కోదానికీ పై నుంచి హెచ్చు వోల్టేజి లైను లాగాలి, ఏసీని డీసీగా మార్చే యంత్రాలు పెట్టాలి. చీపురుపల్లి, పొందూరు, తిలారు, కోటబొమ్మాళి, ఏ రెండు స్టేషన్ల మధ్య చూసినా ఒకటో రెండో నిలబడతాయి. తుఫానులో తీగలు తెగుతాయని భయపడి ఇది చేస్తే, ఆ నలభై సబ్ స్టేషన్లకి కరెంటు తెచ్చే టవర్లు మాత్రం పడవా?

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే కేకే లైనైతే ఇంకా వింత. ఘాట్ రోడ్డు లాంటి ఎత్తుపల్లాల మీద ఇనుప ఖనిజం బళ్ళని రెండు మూడు ఇంజన్లు కట్టి నడుపుతారు. అన్ని ఇంజన్లు ఒకేసారి 750 వోల్టుల మీద కరెంటు లాగితే ఎలా ఉంటుందని అడిగితే మా పాత ఇంజనీరుగారు నవ్వేవారు.

డీసీలో ఇంకో తలనొప్పి ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. పట్టాల గుండా వెనక్కి వెళ్ళాల్సిన కరెంటులో కొంత నేలలోకి జారిపోయి, దగ్గర్లో ఉన్న నీళ్ళ పైపుల్లోంచో, కట్టడంలో వేసిన ఇనుములోంచో దారి చూసుకుంటుంది, అది బయటికొచ్చే చోట ఇనుముని కొరికేస్తుంది. లండన్ అండర్‌గ్రౌండ్‌లో ఈ బాధ తప్పించుకోవడానికే నాలుగో పట్టా కూడా వేశారు. ఒకటి +420 వోల్టులు, మధ్యలోది -210 వోల్టులు, రెండిటికీ తేడా 630. రైలు నడిచే పట్టాలకి కరెంటుతో పనే ఉండదు. నాలుగు పట్టాల సరదా వాళ్ళకి చెల్లింది. మన సముద్రం ఒడ్డు నేలలో, ఉప్పుగాలికి మామూలు ఇనుమే నాలుగేళ్ళకి రాలిపోతుంటే దీన్ని కూడా ఎక్కడ భరిస్తాం?

రచయిత చెప్పిన తుఫాను మాటని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ చూశాం. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో చెప్పక్కర్లేదు. గాలికి చెట్టు కొమ్మ విరిగి ఓహెచ్‌ఈ మీద పడితే కిలోమీటర్ల కొద్దీ సెక్షన్ చచ్చిపోతుంది, నిజమే. అప్పుడు డీజిల్ ఇంజను పెట్టి బళ్ళు లాగుతారు, ఈలోపు టవర్ వ్యాగన్ వస్తుంది, తీగ కడతారు. ఆ పని కష్టమే గాని చెయ్యగలిగేది. అదే తుఫానులో వంశధారో నాగావళో పొంగి, గెడ్డల నీళ్ళు కట్టని తాకి పట్టాల మీదికి వస్తే మూడో పట్టా సంగతేమిటి? అది పట్టాల ఎత్తులోనే ఉంటుంది. నీళ్ళు ముట్టగానే కరెంటు తీసెయ్యాలి, బురదంతా కడిగి, ఇన్సులేటర్లు ఒక్కొక్కటీ తుడిచి పరీక్షించాకే మళ్ళీ ఇవ్వాలి. ఐదున్నర మీటర్ల ఎత్తులో ఉన్న తీగకి వరదతో పేచీ లేదు, గాలితోనే.

గాలికి మందు వేరే ఉంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం మామూలు నేల మీద 72 మీటర్ల వరకూ ఉండొచ్చు, గాలి జోరు ఎక్కువుండే చోట అది తగ్గిస్తారు. ఢిల్లీ మెట్రో సొరంగాల్లో తీగ బదులు పైన గట్టి అల్యూమినియం పట్టీ ఒకటి బిగిస్తారు, దాన్నే రిజిడ్ ఓహెచ్‌ఈ అంటారు, అది తెగి కింద పడే ప్రసక్తే ఉండదు. రచయిత దీని గురించి రాసి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి, ఎందుకంటే ఇది కూడా ఒకరకంగా కరెంటు పట్టాయే, కాకపోతే నెత్తి మీద ఉంటుంది. అయితే దానికి పది మీటర్లకొక ఆధారం కావాలి. సొరంగం కప్పుకైతే బిగించెయ్యొచ్చు, పొలాల మధ్య పది మీటర్లకో స్తంభం పాతమంటే ఎవరూ పాతరు. కట్ట వెంబడి ముదిరిపోయిన చెట్లని వానాకాలానికి ముందు సరిగ్గా కొట్టిస్తే సగం బ్రేక్‌డౌన్‌లు తగ్గుతాయి. నా అనుభవంలో గాలి కన్నా ఆ కొమ్మలే ఎక్కువ ఏడిపించాయి.

మరి రైలు వచ్చినప్పుడే కరెంటు ఉండేలా చెయ్యలేరా అని కుర్రవాళ్ళు అడుగుతారు. చేశారు. ఫ్రాన్సులో బోర్డో నగరంలో 2003 నుంచి అలా నడుస్తోంది. రోడ్డు మధ్యలో వేసిన పట్టాని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ట్రాము సరిగ్గా పైన ఉన్న ముక్కకే కరెంటు ఇస్తారు, దాటిపోగానే ఆగిపోతుంది, జనం దాని మీద నడిచి వెళ్ళిపోతారు. పాత ఊరి అందం పాడవకూడదని పెట్టిన ఖర్చు అది. ఊళ్ళో తిరిగే ట్రాముకి సరే, హౌరా–చెన్నై లైనుకి కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మూడో పట్టా ఎక్కడా గీత గీసినట్టు సాగదు, పట్టాలు చీలే పాయింట్ల దగ్గర, రైలు గేట్ల దగ్గర తెగి మళ్ళీ మొదలవుతుంది. రైలుకి ముందూ వెనకా చాలా షూలు ఉంటాయి కాబట్టి ఒకటి ఖాళీలో ఉన్నా ఇంకోటి కరెంటు అందుకుంటుంది. పొట్టి ఇంజను మాత్రం సరిగ్గా ఖాళీలో ఆగిందంటే అక్కడే ఉండిపోతుంది, ఇంకో ఇంజను వచ్చి నెట్టాలి. వేగానికీ హద్దు ఉంది, 160 కిలోమీటర్ల దగ్గర షూ పట్టాని ఎక్కే చోట దెబ్బలు తట్టుకోవడం కష్టం. ఇన్ని ఉన్నా ఇంగ్లండు దక్షిణాన వందల మైళ్ళు ఇప్పటికీ మూడో పట్టా మీదే నడుస్తున్నాయంటే, ఎప్పుడో వేసేశారు, పీకి మార్చడానికి డబ్బు చాలదు, అంతే. లండన్ మధ్యలో థేమ్స్‌లింక్ రైళ్ళు ఒక స్టేషన్‌లో ఆగి పాంటోగ్రాఫ్‌ని, అంటే రైలు నెత్తి మీద పై తీగని ఒరుసుకునే చట్రాన్ని, దించి షూతో కరెంటు అందుకుంటాయి, రోజూ, ప్రతి బండీ. మనం 1957లోనే 25,000 వోల్టుల ఏసీని ఎంచుకున్నాం కాబట్టి ఆ బాధ తప్పింది. 1925లో బొంబాయిలో మొదటి ఎలక్ట్రిక్ రైలు 1500 వోల్టుల డీసీతో మొదలైంది, అదీ పై తీగతోనే, ఆ డీసీని 25,000 వోల్టుల ఏసీకి మార్చడానికి బొంబాయివాళ్ళు చాలా ఏళ్ళు అవస్థ పడ్డారు.

విశాఖ మెట్రో మాట వినపడినప్పుడల్లా ఈ చర్చ మళ్ళీ లేస్తుంది, లేవాలి కూడా. అక్కడ మూడో పట్టా మంచిదా, పై తీగ మంచిదా అని వాదించుకోవచ్చు, రెండు వైపులా న్యాయం ఉంది. సముద్రపు గాలి, తుఫానులు, వంతెన మీద నడిచే లైను, ఇవన్నీ చూసుకుని తేల్చాలి. ఆమదాలవలస దగ్గర గేటు పడితే బండి కింద నుంచి దూరి పోయే జనం ఉన్న మెయిన్ లైనుకి మాత్రం అది చర్చించాల్సిన విషయం కాదు.

చివరిగా మీకో విన్నపం. జనం ఇప్పుడు పట్టాలని చూసి భయపడుతున్నారు, భయపడాల్సింది పైన. 25,000 వోల్టుల తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు, అదే వచ్చి లాగేస్తుంది. రెండు మీటర్ల లోపలికి పోకూడదన్నది మా రూలు. ఆగి ఉన్న గూడ్స్ బండి ఎక్కి సెల్ఫీ దిగబోయి కాలిపోయిన కుర్రాళ్ళ వార్తలు మీరే వేస్తుంటారు, ఆ వార్త కింద ఎందుకు కాలాడో ఒక్క ముక్క వేయరు. గేటు దగ్గర అడ్డంగా కట్టిన హైట్ గేజ్ ఎత్తు 4.67 మీటర్లు, గడ్డి లోడు దానికి తగిలితే దింపుకోవాలి గాని, పైన మనిషిని కూర్చోబెట్టి కర్రతో గేజ్ ఎత్తించి పోనివ్వడం కాదు. వెదురుగెడ, తడిసిన గాలిపటం దారం, ఇనుప నిచ్చెన, ఏదీ ఆ తీగ దరిదాపుల్లోకి పోకూడదు. తెగి పడిన తీగ చచ్చినట్టే కనపడుతుంది, కరెంటు ఉందో లేదో డిశ్చార్జ్ రాడ్, అంటే తీగని భూమికి కలిపే కడ్డీ, వేసేదాకా మాకే తెలియదు, కాబట్టి దూరంగా నిలబడి గేట్‌మేన్‌కో స్టేషన్ మాస్టర్‌కో చెప్పాలి, ఎవరూ దొరక్కపోతే 139కి ఫోన్ చెయ్యాలి. ఈ నాలుగూ సంక్రాంతి గాలిపటాలు మొదలయ్యేలోగా మీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీల్లో ఒక బాక్సు కట్టి వేయండి, హైట్ గేజ్ ఫొటో కావాలంటే ఏ రైలు గేటు దగ్గరికి వెళ్ళినా దొరుకుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా.